విసనకర్రయు లేసు సూదియు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరిని దాటినచో ఆవలి యొడ్డున మాధవాయిపాలెము వచ్చును. అచ్చటినుండి నరసాపురము ఎంతో దూరము లేదు. రాజోలు ప్రాంతపు ప్రజలు తరతరములుగా ఈ రేవు దాటి బజారుపనులు చక్కబెట్టుకొనుచున్నారు. కొబ్బరికాయలు, అరటిగెలలు, బడిపిల్లలు, పెండ్లివారు, అందరును అన్నియు ఆ పంటుమీదనే.

ఒక వేసవినాటి మధ్యాహ్నమున నేనును ఆ పంటుపై నుంటిని. గాలి కదలుట లేదు. నా యెదుట ఒక వృద్ధురాలు బల్లపై కూర్చుండి, ఒడిలో దారపుటుండ నుంచుకొని, కొక్కెపు సూదితో లేసు అల్లుచుండెను. ఆమె చూపు నీటిమీద నుండెను. చేతులు మాత్రము తమ పని తాము చేసికొనిపోవుచుండెను. ప్రక్కన ఆమె మనుమరాలు, ఇంచుమించు మీ యీడు బాలిక, ఒక తెల్లని మడత విసనకర్రను టపటపమని విప్పుచు మూయుచు విసరుకొనుచుండెను. ఆ విసనకర్ర కాగితముతో చేసినది కాదు. వెదురు ఈనెల నడుమ తెల్లని జాలి లేసు. ఆ లేసుమీద రెక్కలు చాచిన కొంగ, దాని క్రింద పొలుసులవలె ఒకదానిపై నొకటి పేర్చిన అలలు.

"మామ్మా, ఇది చూడు. అచ్చం నువ్వు అల్లినట్టే ఉంది కదూ?" అని యా బాలిక యడిగెను.

వృద్ధురాలు విసనకర్రను చేతిలోనికి తీసికొని, వెనుకకు త్రిప్పి, గోటితో ఒకటి రెండు చోట్ల తడవి, తిరిగి యిచ్చివేసెను. "ఇది అల్లింది కాదమ్మా. కుట్టింది," అనెను.

నాకు కుతూహలము కలిగినది. "ఎలా కనిపెట్టారండీ?" అని యడిగితిని.

"అల్లికకి ఒక మొదలు, ఒక చివర ఉంటాయండి. దీనికి లేవు," అని చెప్పి ఆమె మరల తన పనిలో పడెను.

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా బోధపడలేదు. తరువాత చాల దినములు దానినిగూర్చి ఆలోచించి, చదివి, అడిగి తెలిసికొన్న సంగతులే ఈ పాఠము.

ముందుగా విసనకర్రను గూర్చి. మన యిండ్లలో విసనకర్ర యనగా తాటాకు విసనకర్రయే. లేత తాటాకును కాడతోసహా కోసి, ఎండబెట్టి, అణచి, గుండ్రముగా కత్తిరించి, అంచున గుడ్డపీలిక కుట్టుదురు. ఆకు కాడయే పిడి. సంస్కృతమున విసనకర్రకు తాలవృంతమని పేరు. తాలమనగా తాడి, వృంతమనగా కాడ. పేరులోనే వస్తువు తయారైన తీరు చెప్పబడినది. తెలుగున వీవన, సురటి అను అందమైన మాటలు కూడ కలవు. వట్టివేళ్ళతో అల్లిన విసనకర్రపై నీరు చల్లి విసరినచో గాలితోపాటు పరిమళము వచ్చును. దేవాలయములలో స్వామివారికి వింజామరలు వీతురు, ఆలవట్టములు పట్టుదురు. విద్యుత్తు రాని దినములలో అతిథి భోజనమునకు కూర్చుండినప్పుడు ఇంటి యిల్లాలు ప్రక్కన నిలిచి విసరుట ఒక మర్యాద. ఇన్ని రకములున్నను వీనికన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు. ఇవి మడతపడవు. గోడకు తగిలించిన విసనకర్ర గోడకే ఉండును.

విసనకర్రను మడచి నడుమున దోపుకొని పోవచ్చునను ఆలోచన మొదట జపానువారికి కలిగినది. వారికిని పూర్వము చైనానుండి వచ్చిన గుండ్రని విసనకర్రలే యుండెడివి. వానిని ఉచివా యందురు. మడత విసనకర్రకు సెన్సు అనియు, ఓగి అనియు పేర్లు. అన్నిటికంటె ప్రాచీనమైన మడత విసనకర్రలు కాగితముతో గాక, హినోకి యను సైప్రస్ జాతి వృక్షపు కొయ్యను ఆకువలె పలుచగా చీల్చి, ఆ చీలికలను ఒక కొనయందు చీలతో బిగించి, రెండవ కొనయందు దారముతో కూర్చి చేసినవి. ఆ కాలమున జపానులో కొయ్య చీలికలపై వ్రాయు వాడుక యుండెను. వ్రాతచీలికలను ఒకచోట గ్రుచ్చుకొనుటనుండియే విసనకర్ర పుట్టియుండునని పండితుల యూహ. తాటాకులకు రంధ్రములు చేసి త్రాటితో గ్రుచ్చిన మన తాళపత్ర గ్రంథమును తలచుకొన్నచో ఈ యూహ మనకు వింతగా తోపదు. క్యోటో నగరములోని తోజి యను బౌద్ధాలయమున వేయిచేతుల అవలోకితేశ్వరుని విగ్రహపు చేతిలో ఇట్టి విసనకర్ర యొకటి దొరకినది. దానిపై క్రీ.శ. 877వ సంవత్సరమును తెలుపు వ్రాత కలదు.

పిమ్మట వెదురు ఈనెలపై కాగితము నంటించిన విసనకర్రలు వచ్చినవి. వీనికి గబ్బిలము పేరు పెట్టిరి. గబ్బిలము రెక్క విప్పుట, ముడుచుట చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో తెలియును. 988వ సంవత్సరమున చోనెన్ అను బౌద్ధభిక్షువు ద్వారా ఈ మడత విసనకర్రలు కానుకలుగా చైనా చక్రవర్తి కొలువునకు చేరినవి. గుండ్రని విసనకర్రను నేర్పిన గురువునకు శిష్యుడు మడత విసనకర్రను సమర్పించెనన్న మాట! పదునారవ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకుల ఓడలపై అవి ఐరోపాకు పోయినవి.

జపానులో విసనకర్ర కేవలము గాలికొఱకు కాదు. 'నో' యను నాటకమున నటుని చేతిలోని విసనకర్రయే కత్తి యగును, పాత్ర యగును, ఉత్తరమగును. తేనీటి విందులో అతిథి మూసిన విసనకర్రను తన మోకాళ్ళముందు నేలపై అడ్డముగా నుంచి నమస్కరించును. అది వినయమునకు గీసిన గీత. విప్పినకొలది వెడల్పగు రూపము గనుక రానురాను వృద్ధియగుటకు అది గుర్తు. అందువలన శుభకార్యములలో దానిని బహుమానముగా నిత్తురు.

యుద్ధమునకును విసనకర్రకును ముడిపెట్టిన కథ యొకటి జపాను బాలురందరికిని తెలియును. 1185వ సంవత్సరము. తైరా, మినమోతో యను రెండు వంశముల నడుమ ఘోరయుద్ధము జరుగుచుండెను. యషిమా యను సముద్రతీరమున మినమోతో సైన్యము ఒడ్డున నిలిచినది. తైరావారు పడవలలోనికి తొలగిరి. సాయంకాలమైనది. అప్పుడు తైరావారి పడవలలోనుండి ఒకటి తీరమువైపు వచ్చి ఆగెను. దానిలో ఒక కన్య నిలిచి, ఎఱ్ఱని నేలపై సూర్యబింబము గల విసనకర్రను ఒక గడకు కట్టి, "కొట్టగలరా?" అన్నట్లు సైగచేసెను. మినమోతో సేనాపతి నసు నో యొఇచి యను యువకుని పిలిచెను. అతడు గుఱ్ఱమును కెరటములలోనికి నడిపెను. గాలి బలముగా వీచుచున్నది, పడవ ఊగుచున్నది, గడమీద విసనకర్ర అల్లల్లాడుచున్నది. యువకుడు కన్నులు మూసికొని దైవమును ప్రార్థించి, కన్నులు తెరచునప్పటికి గాలి కొంచెము తగ్గెను. బాణము విడిచెను. అది విసనకర్ర చీలకు దగ్గరగా తాకి దానిని త్రెంచెను. విసనకర్ర ఆకాశమున కెగసి, గాలిలో ఒకటి రెండు మారులు తిరిగి, అస్తమించు సూర్యుని వెలుగులో నీటిమీద పడి తేలియాడెను. తైరావారు పడవల అంచులను, మినమోతోవారు అమ్ములపొదులను చరచుచు ఒక్కటిగా మెచ్చుకొనిరి.

కథ ఇంతటితో ముగిసినచో బాగుండెడిది. కాని ఆ యద్భుతమును చూచి యానందము పట్టలేక తైరావారి పడవలో ఒక యోధుడు లేచి నాట్యమాడెను. సేనాపతి యాజ్ఞపై యొఇచి అతనిని కూడ కొట్టి చంపెను. ఈసారి మెచ్చుకొన్నవారును, "ఎంత నిర్దయ!" అన్నవారును ఇరువురును కలరని ఆ వీరగాథయే చెప్పుచున్నది. పిల్లలకు చెప్పునప్పుడు చాలమంది ఈ రెండవ భాగమును వదలివేయుదురు. నాకు మాత్రము అది వదలదగినదిగా తోచలేదు.

ఇక విసనకర్రను తయారుచేయు విధము. క్యోటో నగరపు విసనకర్ర పూర్తియగుటకు 80కి పైగా పనులు జరుగవలెను. ఈనెలు చీల్చువారు ఒకరు, కాగితమును పొరలు పొరలుగా అంటించువారు ఇంకొకరు, బొమ్మ వ్రాయువారు వేరొకరు, మడతపెట్టువారు మరియొకరు. ఇందులో ఈనెల సంగతి కోనసీమవారు శ్రద్ధగా వినదగినది. జపానులో బివా సరస్సునకు పడమట తకషిమా యను ప్రాంతమున అదో యను నది ప్రవహించుచున్నది. అది తరచుగా పొంగి పొలములను ముంచెడిది. వరదను కట్టడిచేయుటకు గట్లవెంట వెదురు నాటిరి. ఆ వెదురుతో అక్కడి రైతులు పొలముపనులు లేని దినములలో విసనకర్ర ఈనెలు చీల్చుట నేర్చిరి. నేటికిని జపానులో తయారగు ఈనెలలో చాల పెద్దభాగము ఆ ప్రాంతమునుండియే వచ్చును. ఏటిగట్టును కాపాడుటకు నాటిన చెట్టు చేతిపనికి ఆధారమైనది. ఐతే విసనకర్ర కొన్నవారికి క్యోటో పేరు తెలియును గాని ఈనె చీల్చిన పల్లె పేరు తెలియుట అరుదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మన సీమలోను ఇట్టిదే చూడబోవుచున్నాము.

పంటుమీది విసనకర్రపై నున్న కొంగయు అలలును జపాను సూదిపనిలో ప్రసిద్ధమైన ఆకృతులు. కొంగ దీర్ఘాయువునకు గుర్తు. అలల ఆకృతికి సైగైహా యని పేరు. నీలి సముద్రపు తరంగములని యర్థము. సగము విప్పిన విసనకర్రలను వరుసలుగా పేర్చినట్లే అది కనబడును. జనపనార జాతి మొక్క ఆకును పోలిన నక్షత్రపు ఆకృతి యొకటి కలదు. ఆ మొక్క త్వరగా, తిన్నగా పెరుగును గనుక పసిబిడ్డల బట్టలపై ఆ యాకృతిని కుట్టుదురు. ధనవంతుల పట్టుబట్టలపై పేనని పట్టుదారముతో, బంగారుపోగులతో నిండుగా కుట్టు పని యొక విధము. పల్లెప్రజలది వేఱొక విధము. ఉత్తర జపానులో చలి మిక్కుటము. ప్రత్తి అక్కడ పండదు. త్సుగరు యను సీమలో రైతులు నూలుబట్ట కట్టరాదను కట్టడి కూడ యుండెను. నారబట్టతో చలి ఆగదు. అందుచేత స్త్రీలు నీలిరంగు నారబట్ట సందులన్నియు నిండునట్లు తెల్లని దారముతో ఎడతెగని వరుసకుట్లు కుట్టిరి. చలినుండి కాచుకొనుటకు కుట్టిన కుట్టు క్రమక్రమముగా చిత్రముగా మారినది. నేడు లోకమంతటను ప్రసిద్ధమైన సషికో యను సూదిపని యీ కోవలోనిదే.

జపాను మనకు చాల దూరదేశమని తలచుచున్నాము. కాని పదునేడవ శతాబ్దిలో మన కోస్తాతీరపు బట్ట జపానులో అపురూప వస్తువు. మచిలీపట్టణము మొదలగు రేవులనుండి డచ్చివర్తకులు కలంకారి అద్దకపు బట్టలను కొని ఓడలపై పంపెడివారు. మన పాలకొల్లులోను వారి వర్తకస్థానము కలదు. జపానువారు ఆ అద్దకపు బట్టను సరస యనిరి. చిన్న పీలికయైనను పారవేయక తేనీటి పాత్రలకు సంచులుగా కుట్టుకొనిరి. హికోనె సంస్థానాధీశుల యింట సేకరించిన సరస పీలికలు సుమారు 450 టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. క్యోటోలో ఏటేట జరుగు గియోన్ ఉత్సవపు రథములను అలంకరించు ప్రాత తివాసీలలో మన దక్కను సీమలో నేసినవియు కలవు.

ఇంకొక ముచ్చట. పంటు దిగిన మాధవాయిపాలెము పేరును పలుకలేక ఆంగ్లేయులు మడపోలమనిరి. పదునేడవ శతాబ్దిలో వారికి అక్కడ వర్తకశాల యుండెను. అచ్చటినుండి పోయిన మెత్తని, దట్టమైన నూలుబట్టకు ఐరోపాలో 'మడపోలము' అనియే పేరు నిలిచినది. పడుగును పేకయు సమానబలము గలవగుటచే, ఆ బట్ట ఎటు లాగినను ఒకేతీరుగా నుండును. అందువలన సూదిపనికి నేలగా దానిని వాడుదురు. ఎక్కడనో ఫ్రాన్సు దేశపు స్త్రీ చేతిరుమాలుపై పువ్వు కుట్టుచు, తన ఒడిలోని బట్ట పేరు గోదావరి యొడ్డున నొక పల్లెపేరని ఎరుగదు. ఆ పల్లెలో పంటుకొఱకు వేచియుండు మనలో ఎందరికి తెలియును?

ఇట్లు పరదేశమునకు బట్ట పంపిన సీమకే పరదేశమునుండి లేసు వచ్చినది. 1844 ప్రాంతమున క్రైస్తవ మిషనరీలు ఇచ్చటి వ్యవసాయ కుటుంబముల స్త్రీలకు క్రోషే యను కొక్కెపు సూది అల్లికను నేర్పిరని చెప్పుదురు. తరువాత నరసాపురము, పాలకొల్లు చుట్టుపట్ల పల్లెలకు, నది దాటి రాజోలు ప్రాంతమునకును అది ప్రాకినది. 1899 నాటి కఱవును, 1929 నాటి ప్రపంచవ్యాప్తమైన ఆర్థికమాంద్యమును తట్టుకొని నిలిచినది.

ఈ పనిని చూడనివారికొఱకు కొంచెము వివరింతును. కుట్టుసూదికి రంధ్రముండును, లేసు సూదికి రంధ్రము లేదు, కొనయందు కొక్కెమున్నది. బట్ట లేదు, చట్రము లేదు. దారముతో ఒక ముడి వేసి, ఆ ముడిలోనుండి దారమును లాగినచో ఒక కన్ను ఏర్పడును. ఆ కంటిలోనుండి మరల లాగినచో మరియొక కన్ను. ఇట్లు కన్నులో కన్నుగా గొలుసు పెరుగును. ఒకే కంటిలోనికి అయిదారు మారులు దారము చుట్టి లాగినచో ఆ పోగులు విసనకర్ర ఈనెలవలె విచ్చుకొనును. అట్టి రెండింటి నడుమనుండి పైవరుసలోని విసనకర్ర మొదలగును. వరుసలు పెరిగినకొలది అది అచ్చముగా జపానువారి అలల ఆకృతివలె నుండును. జపాను చిత్రకారుని మన పల్లె స్త్రీ చూడలేదు. ఆమెను అతడు చూడలేదు. దారముయొక్క స్వభావమే ఇరువురిని ఒకచోటికి తెచ్చినది. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమన, ఎంత పెద్ద లేసు పువ్వైనను మొదటినుండి చివరవరకు ఒకే దారము. చివరిముడి విప్పి లాగినచో పువ్వంతయు విడిపోయి మరల ఉండలోని దారమగును. తప్పు పడినచోట అల్లువారు చేయునది అదియే.

ఒకరు పువ్వులు అల్లుదురు. వేఱొకరు వానిని అతుకుదురు. ఇట్లు బల్లగుడ్డలు, దిండుగలీబులు, పఱపు దుప్పట్లు తయారగును. దళారి దారమిచ్చి పోవును. అల్లిన సరకు తీసికొని పోవును. అల్లినది ఏ దేశపు బల్లమీద పఱచుదురో అల్లినవారికి తెలియదు. మరియా మీస్ అను జర్మను విదుషి 1970 దశకపు చివరలో నరసాపురపు పల్లెలలో తిరిగి ఈ పనిని పరిశీలించి, 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఇంటిపని యంతయు చేసికొనుచునే స్త్రీలు దినమునకు ఆరు, ఎనిమిది గంటలు లేసు అల్లుచున్నారనియు, వారికి ముట్టు కూలి పొలముకూలి కంటెను చాల తక్కువయనియు ఆమె చూపినది. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి వేఱొకటి. వారిని పనివారుగా ఎవరును లెక్కింపలేదు. ఇల్లాండ్రు తీరికవేళ కాలక్షేపమునకు చేయు పని యని అందరి తలంపు. వేల మైళ్ళ దూరమున అమ్ముడుపోవు సరకును ఆరు గంటలు శ్రమించి తయారుచేయుట కాలక్షేపమెట్లగును?

ఇక పంటుమీది విసనకర్రను కుట్టిన యంత్రపు కథ. సూదిపనిని యంత్రముతో చేయవలెనని 1828లో ఫ్రాన్సులోని ములూజ్ పట్టణవాసి హైల్మన్ మొదటి ప్రయత్నము చేసెను. 1863లో స్విట్జర్లండువాసియగు ఐజాక్ గ్రోబ్లి కుట్టుమిషను సూత్రమును దీనికి పట్టించెను. పైన సూది, క్రింద పడవ యాకారము గల చిన్న కండె. అందువలననే ఆ యంత్రమునకు 'షిఫ్లి' యని పేరు. వారి భాషలో చిన్న పడవ యని యర్థము. పైదారము బట్టలోనుండి దిగగానే పడవ దానిలోనుండి దూరిపోవును. రెండు దారములును ఒకదానినొకటి పట్టుకొని బట్టపై బిగియును.

అయితే ఇది బట్టపై కుట్టు. బట్ట లేకుండ లేసు ఎట్లు వచ్చును? ఈ చిక్కును 1880 దశకమున విప్పిరి. ముందుగా ఒక పలుచని గుడ్డపై దట్టముగా జాలి కుట్టుదురు. పిమ్మట ఆ గుడ్డను రసాయనములో కరగించివేయుదురు. గుడ్డ పోయి కుట్టు మిగులును. నేడు నీటిలోనే కరగు పలుచని పొరలు దొరకుచున్నవి. కుట్టి, కడిగి, ఆరవేసిన లేసు సిద్ధము. ఇల్లు కట్టిన తరువాత సారువను తొలగించినట్లు, కుట్టిన పిదప బట్టను తొలగించుట! ఈ యుక్తిని మెచ్చుకొనకుండుట సాధ్యము కాదు.

ఇరువదవ శతాబ్దిలో జపానువారు ఈ పనిలో ముందునకు వచ్చిరి. నగోయా నగరపు తజిమా సంస్థ మొదలగువారు అనేక సూదితలలు ఒకేసారి కుట్టు యంత్రములను లోకమంతటికిని పంపిరి. ఇప్పుడు కంప్యూటరు వాని మెదడు. మన పట్టణములలో రవికెలపై పువ్వులు కుట్టు 'కంప్యూటర్ వర్కు' దుకాణములలో ఇట్టి యంత్రములనే చూడవచ్చును. అమలాపురములో అట్టి దుకాణమును నడపు ఒక యువతి నాకు ఓపికతో అంతయు చూపినది. సూది పైకిని క్రిందికిని మాత్రమే కదలును. బట్టను బిగించిన ఫ్రేము ముందునకు, వెనుకకు, ప్రక్కలకు జరుగును. ఏ కుట్టు ఎక్కడ పడవలెనో ముందే లెక్కవేసి నిక్షిప్తము చేయుదురు. యంత్రము నిమిషమునకు 800 కుట్లు వేసినచో 20,000 కుట్లు గల కొంగబొమ్మ 25 నిమిషములలో పూర్తియగును. విశాలమైన భాగమును నింపు ఒక కుట్టునకు 'తతామి' యని పేరు. జపాను యిండ్లలో నేలపై పఱచు చాపకు ఆ పేరు. మన తుంగచాపను దగ్గరనుండి చూచినచో ఆ కుట్టు ఎట్లుండునో తెలియును.

"యంత్రమే చేస్తుంది కదా, ఇందులో మీ పనేముందమ్మా?" అని నేను తెలివితక్కువగా అడిగితిని. ఆమె నవ్వి, "విసనకర్ర డిజైను వేసి చూడండి, తెలుస్తుంది," అనెను. నిజమే. విసనకర్ర మడతపడవలెను. దట్టముగా కుట్టిన చోట మడత పడదు. బలవంతముగా మడచినచో దారము నలిగి తెగును. కావున మడతగీతలన్నియు ఖాళీగా వదలి, ఈనెకును ఈనెకును నడుమ బొమ్మను ముక్కలుగా కూర్చవలెను. కొంగ రెక్క మూడు మడతలను దాటునప్పుడు మూడు ముక్కలై, విప్పినప్పుడు ఒక్కటిగా కనబడవలెను. లేసుతో చేయునప్పుడు ఒక్కొక్క రేకును విడిగా కుట్టి తరువాత కూర్చుట మేలని ఆమె చెప్పినది. దారము బిగువు ఎక్కువైనచో బట్ట ముడుచుకొనును. తక్కువైనచో అడుగుదారము పైకి తేలును. దినమంతయు ఆ చప్పుడులో నిలిచి, తెగిన దారమును ఎక్కించుచుండుట సులభమైన పని కాదు. యంత్రము కొన్న అప్పును తీర్చవలసిన భారము కూడ ఆమెదే.

కావున యంత్రముతో పనిచేయువారు సోమరులనియు, చేతితో పనిచేయువారే కళావేత్తలనియు అనుకొనుట సరికాదు. చిక్కు వేఱొకచోట నున్నది. యంత్రపు లేసును చేతిలేసని చెప్పి అమ్మినప్పుడు, చేతిలేసునకును యంత్రపు వెలయే పలుకును. చైనానుండి వచ్చిన యంత్రపు లేసు అగ్గువగా దొరకుటచే మన పల్లెల అల్లికకు గిరాకి తగ్గినది. అల్లు సూదిలో ఆరితేరిన తల్లులు తమ కూతుండ్రకు ఆ పని వద్దనుచున్నారు. 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాలలోని 19 మండలములలో జరుగు ఈ పనిలో 15,000 మందికి పైగా స్త్రీలున్నారని అప్పటి లెక్క. ఆ పేరు పెట్టి వేఱొకచోటి సరకును అమ్మరాదని చట్టము చెప్పును. కాని కొనువాడు రెంటికిని భేదమెరుగనిచో చట్టము అంగడి అంగడికిని వచ్చి నిలుచునా?

భేదమును తెలిసికొనుట కష్టము కాదు. క్రోషే అల్లికను ఉన్నదున్నట్లు చేయు యంత్రము నేటికిని వాడుకలోనికి రాలేదు. యంత్రము దాని పోలికను మాత్రమే కుట్టగలదు. వెనుకకు త్రిప్పి చూడుడు. చేతిలేసులో కన్నులో కన్ను గొలుసుగా కనబడును; దారము ఎక్కడినుండి ఎక్కడికి పోయినదో వేలితో పట్టి చూపవచ్చును. యంత్రపు లేసులో లెక్కలేనన్ని సన్నని పోగులు ఒకదానిమీద నొకటి అడ్డదిడ్డముగా పడి, పైదారమును అడుగుదారమును కలిసి బిగిసియుండును. దానిని విప్పుట ఎవరి తరమును కాదు. వృద్ధురాలు మొదలు, చివర యన్న దానికి అర్థమిదియే.

ఆనాడు పంటు ఆవలి యొడ్డునకు చేరువైనప్పుడు బాలిక విసనకర్రను మూసి, "మామ్మా, నువ్వు ఇలాంటి విసనకర్ర అల్లగలవా?" అని యడిగెను.

"మడత దగ్గర పల్చగా ఉండాలి, ఈనె దగ్గర గట్టిగా ఉండాలి," అని వృద్ధురాలు తనలో తాననుకొనుచు, అప్పటివరకు అల్లిన పువ్వును ఒక చూపు చూచి, కొక్కెము తీసి దారము లాగెను. పువ్వు గిరగిర విడిపోయెను. "మడతకి ఎన్ని కళ్ళు వదలాలో నువ్వు లెక్కపెట్టు," అని మనుమరాలితో చెప్పి క్రొత్త ముడి వేసెను. పంటు ఒడ్డునకు తగిలినది. జనమంతయు దిగుచుండగా వారిరువురును ఇంకను కూర్చుండియే యుండిరి. బాలిక విసనకర్రను ఒక్కొక్క మడతగా విప్పుచు, పెదవులు కదల్చుచు లెక్కించుచుండెను.